సముద్రము దాటిన విద్యార్థి – రెండు దేశముల పన్ను

2026వ సంవత్సరము సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన వారములో, హోసూరు సమీప గ్రామమున గులాబి తోట సాగుచేసికొను ఒక పెద్దమనిషి మన ఉపాధ్యాయుల గదికి వచ్చెను. ఆయన కుమారుడు మన పాఠశాలలోనే తెలుగు మాధ్యమమున పదవ తరగతి ముగించి, పిమ్మట ఇంజనీరింగు చదివి, 2021వ సంవత్సరము ఆగస్టు నెలలో పైచదువునకై అమెరికా వెళ్లినవాడు. ఇప్పుడు అక్కడనే ఉద్యోగము. తండ్రి తన చేతిలోని కాగితమును బల్లపై పరచి, "అయ్యవారూ, ఇది బ్యాంకివాళ్లు ఇచ్చిన కాగితం. డిపాజిట్టులో ఉండే డబ్బు నాది. పేరు మాత్రం వాడిది కూడా వేయించినాను. వాడు అమెరికాలో పన్ను కట్టేవాడా కాదా అని అడిగినారు. అవునంటే ఏమవుతుంది, కాదంటే ఏమవుతుంది?" అనెను.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. కాగితమును ఉంచుకొని, వారము దినములు గడువడిగి, తెలిసినవారిని విచారించి, చట్టములోని మాటలను చదివి చూచితిని. ఈ వ్యాసము ఆ వారము చదువు. మన పాఠశాలనుండి వెళ్లి విదేశములలో చదువుచున్నవారు ఇప్పుడు అక్కడక్కడ ఉన్నారు. రేపు వెళ్లువారు ఈ పత్రికను చదువు పిల్లలలోనే ఉన్నారు. కాగితములు మాత్రము ఇంటివద్దనున్న తల్లిదండ్రుల చేతికే ముందు వచ్చుచున్నవి.

సరిహద్దున నివసించు మనకు ఈ విషయము బొత్తిగా క్రొత్తది కాదు. హోసూరులో కాపురముండి నిత్యము బెంగళూరునకు పనికి పోయి వచ్చువారు మన ఇండ్లలో ఎందరో కలరు. ఇల్లు తమిళనాడున, జీతము కర్ణాటకమున. వారి వృత్తి పన్నును జీతములో పట్టుకొనునది పని జరుగు రాష్ట్రమే. అది మన రాజ్యాంగము 276వ అధికరణము ప్రకారము ఏడాదికి 2,500 రూపాయలు మించరాదు గనుక ఎవరికిని బరువుగా తోచదు. ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వముది గనుక రాష్ట్రపు పొలిమేరతో దానికి పని లేదు. దేశపు పొలిమేర దాటినపుడు మాత్రము ఇట్టి తేలిక ఉండదు. అక్కడ ఇద్దరు యజమానులు ఒకే పంటకు శిస్తు అడుగుదురు: పంట పండిన నేల నాది యని ఒకడు, పండించినవాడు నా ఊరివాడని మరియొకడు.

పన్ను శాస్త్రమంతయు ఈ రెండు మాటలపై నిలిచియున్నది. ఆదాయము పుట్టిన చోటు ఒకటి, ఆదాయము పొందినవాని నివాసము మరియొకటి. భారతదేశము తన నివాసి ప్రపంచమున ఎక్కడ సంపాదించినను దానిపై పన్ను అడుగును. అనివాసి వద్ద ఇక్కడ పుట్టిన ఆదాయముపై మాత్రమే అడుగును. అమెరికాయు నివాసి, అనివాసి యను భేదమును పాటించును. అంతేకాక తన పౌరుడు ఏ దేశమున కాపురమున్నను వదలదు. కావున విదేశమునకు పోయిన ప్రతి విద్యార్థియు ప్రతి సంవత్సరమును రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ఏడు నేను భారతదేశపు లెక్కలో నివాసినా? ఈ ఏడు నేను అమెరికా లెక్కలో నివాసినా? ఈ రెండింటికిని సమాధానము చెప్పునది మన మనస్సు కాదు, పాస్‌పోర్టుపై పడిన ముద్రల తేదీలు. పైగా ఏడు అను మాటకే రెండు అర్థములు. మనకు ఏప్రిల్ 1 మొదలు మార్చి 31 వరకు. వారికి జనవరి 1 మొదలు డిసెంబరు 31 వరకు.

ముందుగా మన దేశపు లెక్క చూతము. 1961వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టము స్థానమున 2025లో చేసిన క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చునట్లు ఏర్పరుపబడినది. నివాసమును నిర్ణయించు సూత్రములు మాత్రము మునుపటివే నిలిచినవి. ఒక ఆర్థిక సంవత్సరములో 182 దినములు గాని అంతకుమించి గాని దేశమున ఉన్నవాడు నివాసి. అంత లేకున్నను, ఆ సంవత్సరమున 60 దినములును, దానికి ముందటి నాలుగు సంవత్సరములలో కలిపి 365 దినములును ఉన్నవాడు సైతము నివాసియే. అయితే ఉద్యోగము కొరకు దేశము విడిచిపోవు భారత పౌరునికి ఈ 60 దినముల నిబంధన వర్తింపదు. వానికి 182 దినముల నిబంధన ఒక్కటే.

ఇచ్చట మన విద్యార్థి చిక్కుకొనుచున్నాడు. చట్టము చెప్పిన మినహాయింపు ఉద్యోగమునకై వెళ్లువానికి. చదువునకై వెళ్లువాని పేరు అందులో లేదు.

పై పెద్దమనిషి కుమారుడు 2021 ఆగస్టు 10న విమానమెక్కెను. ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 10, మొత్తము 132 దినములు అతడు ఆ ఆర్థిక సంవత్సరమున ఇక్కడ ఉండెను. 60 దాటినది. అంతకుముందు నాలుగేండ్లును దేశమునే విడువలేదు గనుక 365 దినముల నిబంధనయు నెరవేరినది. కావున 2021-22లో అతడు భారతదేశపు నివాసి. అదే విమానమున, అదే దినమున, అదే ఊరినుండి ఉద్యోగమునకై బయలుదేరిన సహాధ్యాయి యొకడుండినచో, వానికి 132 దినములు 182కు లోబడినవి గనుక వాడు అనివాసి. ఇద్దరికిని టిక్కెట్టు ఒకటే, పన్ను వేరు. మే 29వ తేదీ లోపల బయలుదేరినవానికి 59 దినములే యగును గనుక విద్యార్థియైనను బయటపడును. కాని అమెరికా విశ్వవిద్యాలయములలో పెక్కింటికి తరగతులు మొదలగునది ఆగస్టులో గదా! కావున మన పిల్లలలో పెక్కుమంది తొలి సంవత్సరము ఈ 60 దినముల గీతను దాటియే పోవుచున్నారు. దాటినట్లు ఎరిగినవారు మాత్రము అరుదు.

ఎరుగకున్న నష్టమేమి యందురేమో. ఆ కుర్రవాడు సెప్టెంబరు నుండి విశ్వవిద్యాలయములో బోధన సహాయకుడుగా నెలకు 1,500 డాలర్లు సంపాదించెను. 2022 మార్చి వరకు ఏడు నెలలకు 10,500 డాలర్లు. డాలరు 75 రూపాయల వంతున 7,87,500 రూపాయలు. జీతగాండ్రకిచ్చు 50,000 రూపాయల మినహాయింపు పోగా 7,37,500. ఆ సంవత్సరమున పన్ను లేని పరిమితి 2,50,000 రూపాయలు. 5,00,000 మించనివారికి పన్ను పూర్తిగా తగ్గింపబడెడిది. ఇతనిది మించినది. నివాసి గనుక ఈ వేతనము ఇక్కడ లెక్కలోనికి రావలసినదే. అమెరికాలో కట్టిన పన్నును ఇక్కడి పన్నులో తగ్గించుకొనవచ్చునని కొందరు ధైర్యము చెప్పుదురు. నిజమే. కాని 2021లో అతని అమెరికా సంపాదన నాలుగు నెలలకు 6,000 డాలర్లు మాత్రమే. అక్కడి మినహాయింపు 12,550 డాలర్లు. అక్కడ పన్నే పడలేదు. అక్కడ పడనిదానిని ఇక్కడ తగ్గించుకొనుట ఎట్లు?

ఇంకొక సంగతి. ఇక్కడ పూర్తి నివాసియైనవాడు విదేశమున బ్యాంకి ఖాతా తెరచియుండినచో, ఆదాయము తక్కువైనను రిటర్ను దాఖలు చేసి, ఆ ఖాతాను అందు చూపవలెను. 2015లో చేసిన నల్లధన నిరోధక చట్టము క్రింద చూపని దోషమునకు 10 లక్షల రూపాయల జరిమానా కలదు. 2024 అక్టోబరు నుండి, స్థిరాస్తి గాక మిగిలిన విదేశీ ఆస్తుల మొత్తము 20 లక్షలు మించనివారికి ఈ జరిమానా వర్తింపకుండ సడలించిరి. విద్యార్థి ఖాతాలో 20 లక్షలు ఎక్కడివని మనము ఊరడిల్లవచ్చును. అయినను చూపవలసిన బాధ్యత తొలగలేదు.

తొలి సంవత్సరము గడచిన పిమ్మట ఇక్కడి లెక్క తేలికపడును. సెలవులకు చూచిపోవుటకు వచ్చు భారత పౌరునికి 60 బదులు 182 దినముల పరిమితి కలదు. ఇక్కడి ఆదాయము 15 లక్షలు మించినవారికి అది 120 దినములు. కావున విద్యార్థి రెండవ సంవత్సరము నుండి సాధారణముగా అనివాసియే. అప్పుడు అతని విదేశీ జీతముతో మన ప్రభుత్వమునకు నిమిత్తము లేదు. ఇక్కడి వడ్డీ, ఇక్కడి అద్దె, ఇక్కడ అమ్మిన భూమి లాభము మాత్రము ఎప్పటికిని ఇక్కడి పన్నుకు లోబడియే యుండును.

ఇక అమెరికా లెక్క. ఇది మన లెక్కకంటె వింతయైనది. అచ్చటను దినముల గణనయే గాని, మూడు సంవత్సరముల దినములను వేర్వేరు తూకములతో కూడుదురు. ఈ సంవత్సరపు దినములు పూర్తిగా, నిరుటి దినములలో మూడవ వంతు, ముందటేడాదివానిలో ఆరవ వంతు. ఈ మొత్తము 183 అయి, ఈ సంవత్సరము కనీసము 31 దినములుండినచో వాడు నివాసి. గణితము నేర్చు పిల్లలు ఒకటి ప్రయత్నింపవచ్చును: ఏటేట సరిగా 122 దినములు అక్కడ గడపువాడు నివాసియగునా కాదా? (122, దానిపై 40⅔, దానిపై 20⅓. మొత్తము 183. నివాసియే! 121 దినములైనచో కాడు.)

కాని ఎఫ్-1 వీసాపై చదువుకొనువానికి ఈ గణనయే ఐదు సంవత్సరముల వరకు వర్తింపదు. అతడు ఆ దేశమున నిద్రించిన రాత్రులన్నియు లెక్కకు రాని రాత్రులు. అయితే ఈ ఐదును పంచాంగ సంవత్సరములు. సంవత్సరములో ఒక్క దినమున్నను అది ఒక సంవత్సరము క్రిందనే పోవును. డిసెంబరు 28న దిగినవానికి మిగిలిన నాలుగు దినములతో ఒక ఏడు ఖర్చైపోవును. జనవరి 3న దిగినవానికి ఐదేండ్లును నిండుగా మిగులును. ఆరు దినముల తేడా! మన కుర్రవాడు 2021 ఆగస్టున దిగినందున 2021, 22, 23, 24, 25 అతని ఐదు సంవత్సరములు. 2026 జనవరి 1 నుండి ప్రతి దినమును లెక్కకు వచ్చును.

ఈ ఐదేండ్లును అతడు అనివాసుల రిటర్నును, అనగా 1040-ఎన్ఆర్ అను ఫారమును దాఖలు చేయవలెను. ఒక్క డాలరు సంపాదింపకున్నను 8843 అను ఫారము పంపవలెను. నేను విద్యార్థిని గనుక నా దినములను లెక్కింపవద్దని చెప్పునది అదియే. దీనిని పంపక మానినవారు అనేకులు. పన్ను లేనప్పుడు కాగితమెందుకను ఆలోచన మనవారికి సహజము. ఇంకొక పొరపాటు, స్నేహితుడు నింపినట్లు తానును నింపుట. ఆ స్నేహితుడు రెండేండ్లు ముందు వచ్చి నివాసియైనవాడు. అతని ఫారము వేరు. చౌకగా దొరకు కంప్యూటరు పద్ధతులలో కొన్ని నివాసుల ఫారమునే నింపి పంపును. తప్పు ఫారము పంపినవాడు తనకు లేని హక్కులను కోరినవాడగును. వీసా విషయము వచ్చునప్పుడు అది ఎదురు నిలుచును.

అనివాసులకు అమెరికాలో సాధారణ మినహాయింపు లేదు. మొదటి డాలరు నుండి పన్ను. ఇచ్చట భారతీయ విద్యార్థులకొక విశేషము కలదు. 1989 సెప్టెంబరు 12న క్రొత్త ఢిల్లీలో మన దేశమును అమెరికాయు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందముపై సంతకములు చేసినవి. 1990 డిసెంబరు 18న అది అమలునకు వచ్చెను. దాని 21వ అధికరణము విద్యార్థులను గూర్చినది. చదువునకును పోషణకును ఇంటినుండి తండ్రి పంపు ధనముపై అక్కడ పన్ను లేదని మొదటి భాగము చెప్పును. విద్యార్థి అక్కడ సంపాదించు వేతనమునకు అక్కడి నివాసులకుండు మినహాయింపులే ఉండవలెనని రెండవ భాగము. కావున భారతీయ విద్యార్థి సాధారణ మినహాయింపును పొందవచ్చును. 2024వ సంవత్సరమునకు ఒంటరివానికి అది 14,600 డాలర్లు. ఇతర దేశముల విద్యార్థులలో అధికసంఖ్యాకులకు ఈ భాగ్యము లేదు. చట్టము ఇచ్చినదానిని అడుగకున్నచో ఎవరును తెచ్చి ఇంట పెట్టరు. ఫారములో ఒప్పందము పేరును అధికరణమును వ్రాసి అడుగవలెను. రాష్ట్రముల మాట వేరు. టెక్సాసులో జీతముపై రాష్ట్రపు పన్ను లేనే లేదు. కాలిఫోర్నియాలో కలదు, పైగా ఆ రాష్ట్రము ఈ ఒప్పందమును పాటింపదు.

చదువు ముగిసిన వెంటనే ఉద్యోగము మొదలైనను వీసా మారదు. చదివిన విద్యలో అనుభవము కొరకని ఒక సంవత్సరము, శాస్త్ర సాంకేతిక విద్యలవారికి దానిపై రెండు సంవత్సరములు, ఎఫ్-1 పైననే పని చేయనిత్తురు. జీతము ఉద్యోగిది, హోదా విద్యార్థిది. ఈ నడిమి కాలమున పన్ను లెక్కలో జరుగు తప్పులు మిక్కిలి.

అమెరికాలో ఆదాయపు పన్ను కాక, వృద్ధాప్య భృతికి 6.2 శాతము, వృద్ధుల వైద్యమునకు 1.45 శాతము, మొత్తము 7.65 శాతము ఉద్యోగి జీతమునుండి పట్టుకొందురు. ఎఫ్-1 హోదాలో ఉండి, ఐదేండ్లలోపు అనివాసిగా నున్నవాడు దీనినుండి మినహాయింపు పొందినవాడు. ఏటికి 70,000 డాలర్లు జీతమైనచో ఇది 5,355 డాలర్లు. చిన్న సంస్థలలో జీతపు గుమాస్తాలకు ఈ సంగతి తెలియక పట్టుకొనుట కలదు. మన పూర్వవిద్యార్థి విషయముననే తొలి మూడు నెలలు పట్టుకొనిరి. అతడు జీతపు చీటీని వరుస వరుసగా చదువు అలవాటుగలవాడు గనుక గుర్తించి, సంస్థనే అడిగి తిరిగి రాబట్టుకొనెను. సంస్థ ఇయ్యనిచో 843 అను ఫారముతో ప్రభుత్వమునే అడుగు మార్గము కలదు. సాధారణముగా మూడు సంవత్సరముల గడువు దాటరాదు. ఈ భృతికి అర్హత కలుగుటకు సుమారు పది సంవత్సరముల చందా కావలెను. మన దేశమునకును అమెరికాకును ఈ విషయమున పరస్పర ఒప్పందము లేదు. ఏడేండ్లు పనిచేసి తిరిగివచ్చినవానికి ఏడేండ్ల చందాయు అక్కడనే మిగిలిపోవును. కావున కట్టనక్కరలేని కాలమున కట్టకుండుట చిన్న లాభము కాదు.

ఇక ఎచ్-1బి వీసా. కోటాలో ఎంపికైనవారికి సాధారణముగా అక్టోబరు 1న మొదలగును. మన కుర్రవానికి 2025 అక్టోబరు 1న మొదలాయెను. ఆ నాటినుండి 7.65 శాతము పట్టుబడి తప్పదు. ఆ నాటినుండి దినములును లెక్కకు వచ్చును: అక్టోబరు 31, నవంబరు 30, డిసెంబరు 31, వెరసి 92. ఇది 183 కాదు గనుక 2025లో అతడు ఇంకను అనివాసి. 2026లో ఏడాది పొడుగున అక్కడ నుండినచో ఎట్లు చూచినను గీత దాటును. కావున 2026 జనవరి 1 నుండి అతడు అమెరికా పన్నుకు నివాసి. ఎచ్-1బి రాక, పాత వీసాపైననే నిలిచియుండినను, ఐదేండ్లు తీరినందున ఇదే తేదీ వచ్చియుండెడిది.

సంక్రాంతి నాటికి ఈ మార్పు జరిగి పదునాలుగు దినములైనది. తండ్రి తెచ్చిన కాగితమునకు కారణము ఇక్కడనున్నది. 2015 జూలై 9న భారతదేశమును అమెరికాయు మరియొక ఒప్పందము చేసికొన్నవి. దాని ప్రకారము ఇక్కడి బ్యాంకులు తమ ఖాతాదారులలో అమెరికాకు పన్ను కట్టువారెవరో విచారించి, వారి ఖాతాల వివరములు మన ఆదాయపు పన్ను శాఖకు తెలుపవలెను. శాఖ అమెరికాకు పంపును. కాగితములో "అవును" అని వ్రాసినంతమాత్రమున పన్ను పడదు. "కాదు" అని వ్రాసినచో అది అబద్ధపు వాఙ్మూలము. కావున మొదటి ప్రశ్నకు సమాధానము "అవును". క్రింద అతని అమెరికా సామాజిక భద్రత సంఖ్య వ్రాయవలెను.

కాని "డబ్బు నాది, పేరు వానిది కూడ" అను మాట ఇంకొక కథ. డిపాజిట్టు 12 లక్షల రూపాయలు. అమెరికా నివాసికి విదేశములలోని ఖాతాలన్నియు కలిపి ఏడాదిలో ఏ ఒక్కనాడైనను 10,000 డాలర్లు మించినచో, ఆ ఖాతాల వివరములను అక్కడి ఖజానా శాఖకు ప్రత్యేకముగా తెలుపవలెను. ఉమ్మడి పేరున నున్న ఖాతాయైనచో సగము కాదు, మొత్తమును చూపవలెను. ఇది పన్ను కాదు, సమాచారము మాత్రమే. కాని తెలుపకున్న జరిమానా, ఉద్దేశపూర్వకము కాకున్నను, 10,000 డాలర్లకు పైగా పోగలదు. తండ్రి డిపాజిట్టుకంటె జరిమానా చాల తక్కువేమియు కాదు.

ఇది విన్న తండ్రి కొంతసేపు మాటాడలేదు. "నేను పోయిన తరువాత వాడు బ్యాంకి చుట్టూ తిరగకూడదని పేరు వేయించినాను" అనెను. ఆయన ఆలోచనలో తప్పు లేదు. దానికి తగిన స్థానము వేరుగా కలదు. ఉమ్మడి ఖాతాదారుడు వేరు, నామినీ వేరు. ఉమ్మడి ఖాతాదారుడు నేడే యజమానులలో ఒకడు. నామినీకి యజమాని బ్రతికియుండగా ఆ ధనముపై ఏ హక్కును లేదు గనుక తెలుపవలసినదియు లేదు. ఆయన కోరినది నామినీతో నెరవేరును. అయితే 2026లో కొన్ని దినములైనను ఉమ్మడి పేరు ఉన్నందున, ఈ ఒక్క సంవత్సరమునకు కుమారుడు తెలుపక తప్పదు. దానికి గడువు 2027 ఏప్రిల్ 15. అడుగకయే అక్టోబరు 15 వరకు పొడిగింపు లభించును.

కుమారుని సొంత ఖాతాల సంగతియు విచారించితిమి. ఊరిలో చదువునాటి పొదుపు ఖాతా ఒకటి ఇంకను మామూలు ఖాతాగానే యున్నది. 1999వ సంవత్సరపు విదేశీ మారక ద్రవ్య చట్టము క్రింద, విదేశమున స్థిరపడినవాని ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించవలెను. ఆ ఖాతా వడ్డీపై ఇక్కడ 30 శాతము, దానిపై సెస్సు, మూలముననే పట్టుకొందురు. 1989 ఒప్పందము ప్రకారము 15 శాతమునకు తగ్గును గాని, తాను అక్కడి నివాసినని అమెరికా ప్రభుత్వము ఇచ్చు ధ్రువపత్రమును బ్యాంకిలో దాఖలు చేయవలెను. ఈ శ్రమ ఎందుకని 30 శాతము పట్టుకొననిచ్చి, అక్కడ మొత్తమును తగ్గించుకొందమని చూచినచో కుదరదు. ఒప్పందము అనుమతించిన 15 శాతమునకే అమెరికా తగ్గింపు ఇచ్చును. మిగిలినది ఇక్కడ రిటర్ను వేసి వెనుకకు తెచ్చుకొనవలసినదే.

ఇక్కడ పన్ను లేనిది అక్కడను లేదనుకొనుట మరియొక భ్రమ. ప్రజా భవిష్య నిధి, అనగా పిపిఎఫ్ వడ్డీకి మన దేశమున పన్ను లేదు. అమెరికా నివాసికి అది లెక్కలోనికి వచ్చు ఆదాయము. ఇక్కడ కట్టినది లేదు గనుక అక్కడ తగ్గించుకొనునదియు లేదు. మన మ్యూచువల్ ఫండులపై అక్కడి నియమములు ఇంకను కఠినములు, ఫారములు విస్తారములు. నివాసిగా మారుటకు ముందే వానిని అమ్ముట తగునా అని విచారించుకొనుట మంచిది. ఐదవ సంవత్సరము డిసెంబరు నెల అందుకు తగిన సమయము. తల్లిదండ్రులు కానుకగా పంపు ధనముపై అక్కడ గ్రహీతకు పన్ను లేదు. ఏడాదిలో లక్ష డాలర్లు మించినచో మాత్రము 3520 అను ఫారముతో తెలుపవలెను.

తిరిగి రాదలచినవారికి ఒక మాట. చాలకాలము విదేశమున నుండి వచ్చినవానిని మన చట్టము వెంటనే పూర్తి నివాసిగా పట్టుకొనదు. ముందటి పది సంవత్సరములలో తొమ్మిది అనివాసిగా నుండినను, ముందటి ఏడేండ్లలో 729 దినములు మించక ఇక్కడ నుండినను, కొంతకాలము అతని విదేశీ ఆదాయమును వదలివేయును. వచ్చు తేదీని నిశ్చయించుకొనుటకు ముందు దినములు లెక్కించుకొనుట లాభకరము.

అన్నిటికిని మూలము కాగితములే. విమానపు టిక్కెట్లు, పాస్‌పోర్టు పుటల నకళ్లు, ప్రతి జనవరిలో సంస్థ ఇచ్చు డబ్ల్యు-2 జీత పత్రము, దాఖలు చేసిన ఫారముల ప్రతులు. పాస్‌పోర్టు గడువు తీరి క్రొత్తది వచ్చినపుడు పాతదానిని పారవేసిన ఇల్లు నాకొకటి తెలియును. ఆ ఇంటి పిల్లవాడు దినముల లెక్కకై పాత ఫోటోల వెనుక తేదీలు వెదకికొనెను.

తెలుగులో నోటిలోని దంతమునకును ప్రభుత్వమునకు కట్టు శిస్తునకును పన్ను అను ఒకే మాట ఉండుట మన పిల్లలకు ఎప్పుడును నవ్వు పుట్టించును. నొప్పి మొదలైన నాడే చూపించుకొనినవానికి ఖర్చు తక్కువ యను విషయమున రెండును ఒకటియే.

మరుసటి వారము తండ్రి మరల వచ్చెను. బ్యాంకి కాగితము నింపి ఇచ్చినాడు. డిపాజిట్టులో కుమారుని పేరు తీసి నామినీగా వ్రాయించినాడు. మిగిలినది 2021-22 నాటి లెక్క. కుమారునితో ఫోనులో మాటాడి, ఆనాడు రిటర్ను వేయలేదని నిర్ధారణ చేసికొంటిమి. అదృష్టవశమున ద్వారము పూర్తిగా మూయబడలేదు. 2025వ సంవత్సరపు ఆర్థిక చట్టము, విడిచిపెట్టిన ఆదాయమును తానే ముందునకు వచ్చి చూపుటకు గడువును నాలుగు సంవత్సరములకు పెంచినది. 2021-22 ఆదాయమునకు ఆ గడువు 2027 మార్చి 31న తీరును. అయితే ఆలస్యమైన కొలది అదనము పెరుగును: పన్నును వడ్డీయు కలిపిన మొత్తముపై 2026 మార్చి 31 లోపలనైనచో 60 శాతము, ఆ తరువాత 70 శాతము.

"అయితే పూలకు గిరాకీ వచ్చే ఫిబ్రవరిలోనే ఈ డబ్బు సర్దాల" అని తండ్రి వ్రేళ్లపై నెలలు లెక్కించుకొనెను. కుమారుడు తన 2021 నాటి జీతపు చీటీలను పంపెదనని చెప్పెను. ఏడు చీటీలలో ఐదు మరునాటికే వచ్చినవి. మిగిలిన రెండింటికై విశ్వవిద్యాలయమునకు వ్రాసియున్నాడు.